నల్లగొండ నీళ్లు - ఎలుకల సాక్ష్యం

ఫ్లోరైడ్ అనగానే మనకు మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లోని వంగిన నడుములు, వంకర కాళ్లే గుర్తుకొస్తాయి. ఎముకల సంగతి నెల్లూరు ప్రాంతం నుంచి 1937లోనే షార్ట్ బృందం రాసింది. మన జిల్లా పిల్లల మోకాళ్లు ఒరుసుకుపోవడం గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు 1973లో ప్రకటించారు. 1975లో నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లు బాగుచేసే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరే పెట్టింది.

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊళ్లకు వెళ్తే తల్లులు అడిగే ప్రశ్న వేరేగా ఉండేది. "సారూ, ఈ నీళ్లు తాగుడుతోనేనా మా పోరనికి సదువు ఎక్కుతలేదు?"

ఆ సందేహం ఎలుకల దాకా వెళ్లింది. 1995లో అమెరికాలో ఫిలిస్ ములెనిక్స్ ఫ్లోరైడ్ తాగించిన ఎలుకల కదలికలను కెమెరా, కంప్యూటరుతో లెక్కగట్టి, నడవడి మారిందన్నారు. 2009లో విట్‌ఫోర్డ్ బృందం నేర్చుకునే శక్తిలో తేడా లేదంది. ఎవరిని నమ్మాలి?

చిక్కు ఎలుక కంటే ఎలుకను పరీక్షించే తీరులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. 1963లో రోజెంతాల్, ఫోడ్ అనేవారు మామూలు ఎలుకలనే విద్యార్థులకిచ్చి, కొందరికి "ఇవి తెలివైనవి", మిగతావారికి "ఇవి మొద్దువి" అని చెప్పారు. తెలివైనవన్న ఎలుకలే బాగా పరుగెత్తాయి! అందుకే లెక్క రాసేవాడికి ఏ ఎలుక ఏ నీళ్లు తాగిందో తెలియకూడదు. మేమూ సీసాల మీద ఊరి పేరు రాయకుండా నెంబరే వేసేవాళ్లం. 1999లో మూడు ల్యాబుల్లో ఒకే జాతుల చిట్టెలుకలను ఒకే రకం పరికరాలతో పరీక్షించినా ఫలితాలు పూర్తిగా కలవలేదు. తోక పట్టి లేపితే చిట్టెలుక బెదురుతుందనీ, దోసిట్లోనో గొట్టంలోనో ఎత్తితే కుదురుగా ఉంటుందనీ 2010లో లివర్‌పూల్ వారు చూపారు.

ఇంకొకటి, దాణా. మామూలు ఎలుకల దాణాలోనే కిలోకు 20 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు. అలాంటప్పుడు "మంచినీళ్ల ఎలుక" మంచిదెలా అవుతుంది? 2018లో అమెరికా ప్రభుత్వ టాక్సికాలజీ కార్యక్రమం వారు ఫ్లోరైడ్ తక్కువున్న దాణా పెట్టి, నీళ్లలో లీటరుకు 10, 20 మిల్లీగ్రాములు కలిపి చూశారు. నేర్చుకోవడంలో, జ్ఞాపకంలో లోపం కనబడలేదు.

అంతమాత్రాన ఆ తల్లులకు జవాబు దొరికినట్టు కాదు, ఎలుక పిల్లవాడు కాదు గదా. అదే కార్యక్రమం 2024లో మనుషుల మీది అధ్యయనాలన్నీ కూడి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల తెలివితేటలు కొంత తక్కువగా ఉంటున్నాయని, ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. మన రిజిస్టర్లలో ఎర్రసిరాతో గీత గీసే హద్దూ ఆ 1.5 దగ్గరే.