కోత్వాల్ గారి హద్దు



మన భద్రావతిలో కెమెరాలు కొన్న పిల్లలు ఎక్కువయ్యారు. ఆదివారం వస్తే చెరువు గట్టు మీదో, తాడోబా దారిలోనో ఉంటున్నారు. సంతోషమే. ఆ పని వెనక ఉన్న చరిత్ర కాస్త చెప్పుకుని, చివర్లో ఒక మాట అడుగుతాం.

కరెంటు తీగ మీద కూర్చునే, తోక చీలిన నల్లపిట్టను మనవాళ్ళు పసులపోలిగాడు అంటారు. బడిలో తమిళం చదువుకున్న మాకు అది 'ఇరట్టైవాల్ కురువి', అంటే రెండు తోకల పిట్ట. ఇక్కడి మరాఠీవాళ్ళు 'కోత్వాల్' అన్నారు. మూడింటిలో ఇదే దానికి తగిన పేరు. గూటి దగ్గరకు కాకి వచ్చినా గద్ద వచ్చినా వెంటపడి తరుముతుంది. ఆ కాపలా నమ్ముకుని గువ్వలు, వంగపండు పిట్టలు దగ్గర్లోనే గూడు కట్టుకుంటాయి.

తీతువు అరిస్తే అశుభమని మన పెద్దల మాట. తమిళంలో దాని పేరు 'ఆళ్‌కాట్టి', మనిషి వచ్చాడని చూపించేది. నేల మీద రాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది కనుక దానికి అరుపే కాపలా. రైలు పట్టాల మధ్య కంకరలో కూడా గుడ్లు పెట్టి, బండి వచ్చినప్పుడు లేచిపోయి మళ్ళీ వచ్చి పొదుగుతుందని పక్షులు చూసేవాళ్ళు రాశారు.

ఈ హద్దుల సంగతిని 1920లో పుస్తకంగా రాసినది ఇంగ్లండులో ఉక్కు పరిశ్రమలో పనిచేసిన ఎలియట్ హోవర్డ్. తెల్లవారుజామున పిట్టలను చూసి, తరువాత పనికి వెళ్ళేవాడు. మగపిట్ట పాట సంగీతం కోసం కాదు, ఇది నా చోటు అని చెప్పడానికి కూడా అన్నాడు. తరువాత డేవిడ్ ల్యాక్ అనే బడి పంతులు రాబిన్ పిట్ట హద్దులో ఎర్ర ఈకల కుచ్చు పెట్టి చూశాడు. పిట్ట దాని మీద కూడా కలబడింది. ఆ సంగతులు 1943లో పుస్తకమయ్యాయి.

పురుగులూ తక్కువ కాదు. 1978లో నిక్ డేవిస్ అడవి నేల మీద పడే ఎండమచ్చల్లో సీతాకోకచిలుకలను గమనించాడు. ముందుగా మచ్చను పట్టుకున్నదే గెలుస్తుంది, కొత్తగా వచ్చినది కాసేపు సుడితిరిగి వెళ్ళిపోతుంది. రెండూ ఇది నాదే అనుకుంటే మాత్రం పోరు చాలాసేపు సాగుతుంది. మన చెరువు మీద మగ తూనీగలు ఒకే జాగాలో తిరగడం కూడా కాపలాయే.

ఇక ఫోటోలు. కీర్టన్ సోదరులు 1895లో అడవిలో తీసిన గూళ్ళ ఫోటోలతోనే ఒక పుస్తకం తెచ్చారు. పిట్ట బెదరకుండా బోలు ఎద్దు బొమ్మలో దూరి కూర్చునేవారు. మన దేశంలో రైల్వే ఉద్యోగి లౌథర్ 1949లో 'ఎ బర్డ్ ఫోటోగ్రాఫర్ ఇన్ ఇండియా' రాశాడు. రైల్వే పింఛనుదారులం కనుక మాకది గర్వం.

వాళ్ళు దాక్కున్నారు. మనం ఇప్పుడు మొబైల్లో పిట్ట కూత పెట్టి రప్పిస్తున్నాం. పిట్ట ఫోటో కోసం రాదు. తన హద్దులోకి శత్రువు వచ్చాడని మేత మానేసి, గూడు వదిలి వస్తుంది. ఆ లోపు గుడ్లు ఎండకు, పిల్లలు కాకికి.

అందుకే అడుగుతున్నాం. గూళ్ళ కాలంలో కూత పెట్టవద్దు, కొమ్మలు విరవవద్దు, గూడున్న చోటు గ్రూపులో చెప్పవద్దు. తీతువు అరిస్తే వెనక్కి అడుగు వేయండి. ఎక్కడెక్కడినుంచో వచ్చి ఈ ఊళ్ళో చోటు చేసుకున్నవాళ్ళం, చోటు విలువ మనకు తెలుసు.