ద్వారము విడువని కావలివాడు

వచ్చినవానిని ‘నీ పేరేమి?’ యని యడుగుట ద్వారపాలకుని ప్రథమ ధర్మము. కంప్యూటరు చరిత్రలో ఈ ధర్మమును నిర్వహించిన చిన్న ప్రోగ్రామునకు ‘గెట్టీ’ యని పేరు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ వ్యవస్థకు పునాది వేసిరి. ఆనాడు యంత్రముతో సంభాషించుటకు టెలిటైపులు సాధనములు. తీగ వెంట అక్షరములు ఒకదాని వెనుక నొకటిగా నడచుచుండెను. 1971 నాటి తొలి యూనిక్స్ కరదీపికలోనే గెట్టీ ప్రస్తావన కలదు.

‘ఇనిట్’ అను మూల ప్రక్రియ తీగకొక గెట్టీని నియమించును. అది తీగ వేగమును సరిచూచి, పేరడిగి, తన స్థానమును ‘లాగిన్’కు ఒప్పగించును. లాగిన్ రహస్యపదమును పరీక్షించి, ‘షెల్’కు చోటిచ్చును. అనగా కావలివాడే రూపము మార్చి అతిథికి పరిచారకుడగును. ద్వారమున నిక నెవ్వరును లేరు. కనుక అతిథి సెలవు గైకొనగానే ఇనిట్ మేల్కొని క్రొత్త గెట్టీని నిలుపవలెను. అది తప్పినచో ఆ తీగ మూగవోవును.

1991లో ఫిన్లాండున లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సునకును ఈ సంప్రదాయమే సంక్రమించినది. 2010లో వెలువడిన ‘సిస్టమ్‌డీ’ ఇనిట్ స్థానమును గైకొన్నను గెట్టీని తొలగింపలేదు. టెలిటైపులు మూలబడినవి. అయినను నెట్‌వర్కు తెగిన వేళ, సర్వరును చక్కదిద్ద వచ్చినవానికి సీరియల్ పోర్టే తుది ద్వారము. అచ్చట ఆ పాత ప్రశ్న నేటికిని ఎదురగును.