కణత్వచం మీద తెప్పలు

మన దేహంలోని ప్రతి కణాన్నీ ఒక పలుచని పొర చుట్టి ఉంటుంది. దానిని కణత్వచం అంటారు. అందులో ప్రధానమైనవి లిపిడ్లనే కొవ్వు పదార్థాలు. ఆ లిపిడ్లలో కొన్ని తమలో తాము గుమికూడి, తక్కిన వాటి నడుమ వేరుగా తేలుతుంటాయని శాస్త్రజ్ఞులు ఊహించి, అట్టి గుంపుకు ఆంగ్లంలో ఒక పేరు పెట్టారు. దానిని తెలుగు చేస్తే ‘తెప్ప’ అవుతుంది. ఏటా ఫాల్గుణ పౌర్ణమితో ముగిసేటట్లుగా ఐదు దినాలు తిరుమల స్వామిపుష్కరిణిలో తెప్పోత్సవం చూసే మా తిరుపతి వారికి ఈ మాటను వివరించనక్కరలేదు. అయితే కణంలోని ఆ గుంపుకు ఈ పేరు ఎంతవరకు తగును? ఈ ప్రశ్న వెనుక చాలా పెద్ద వివాదమే నడిచింది. విజ్ఞానశాస్త్రం నా వృత్తి కాదు. కానీ ఒక పేరు వస్తువును మించి ముందుకు పరుగెత్తిన కథ కనుక, భాష చెప్పుకొని బతికినవాడిగా నాకు ఇందులో ఆసక్తి కలిగింది.

ముందు ‘లిపిడ్’ మాట చూడండి. కొవ్వు అనే అర్థంగల గ్రీకు శబ్దం దీనికి మూలం. మన ‘లిప్’ ధాతువు, అంటే పూయుట, దానికి జ్ఞాతి. లేపనం, లిపిడ్ రెండూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట! మెదడులోని కొవ్వులను పరిశోధించిన థుడికమ్ 1884లో ఒకదానికి పొడుపుకథలడిగే గ్రీకు స్ఫింక్స్ పేరు పెట్టాడు. ఆ కుటుంబమే స్ఫింగోలిపిడ్లు. మన కథలో నాయికలు అవే.

త్వచం రెండు వరుసల లిపిడ్లతో ఏర్పడిందని 1925లో హాలండులోని లైడెన్ నగరంలో గోర్టర్, గ్రెండెల్ అనేవారు చెప్పారు. ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటిమీద పరిస్తే, అది కణాల ఉపరితలానికి రెట్టింపు చోటు ఆక్రమించింది. నిజానికి వారు కొవ్వునంతా తీయలేకపోయారు. కణాల వైశాల్యాన్నీ తక్కువగానే లెక్కించారు. రెండు పొరపాట్లు ఒకదానినొకటి కొట్టివేసుకోగా సరైన జవాబు మిగిలింది. 1972లో సింగర్, నికల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఆ పొర గట్టి గోడ కాదనీ, ద్రవం వంటిదనీ, ప్రోటీన్లు అందులో తేలియాడుతుంటాయనీ ప్రతిపాదించారు. పాఠ్యపుస్తకాలలో నేటికీ కనబడే చిత్రం అదే.

ద్రవమైతే అంతటా ఒకే తీరుగా ఉండాలి కదా? ఉండనక్కరలేదు. మా జిల్లాలో చెనక్కాయల నూనె, నెయ్యి లేని వంటిల్లు ఉండదు. మార్గశిరపు చలిలో నెయ్యి గడ్డకడుతుంది, నూనె కట్టదు. నేతిలోని కొవ్వు తోకలు చాలావరకు తిన్ననివి, ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి. నూనెలోని తోకలు ఎక్కువగా వంకర తిరిగినవి, అందువల్ల ఒదగవు. స్ఫింగోలిపిడ్ల తోకలు తిన్ననివి. వాటి నడుమ కొలెస్టరాల్ చేరితే అవి గడ్డకట్టకుండానే దగ్గరగా సర్దుకుంటాయి. అంటే ద్రవమే, కాని క్రమం గల ద్రవం. వంకర తోకలవి క్రమంలేని ద్రవంగా పక్కన ఉంటాయి. ఒకే పొరలో రెండు ద్రవాలు! 2003లో వీచ్, కెల్లర్ కృత్రిమమైన లిపిడ్ బుడగలలో ఈ రెండూ విడివడి గుండ్రని మడుగులుగా ఏర్పడటాన్ని సూక్ష్మదర్శినిలో చూపారు.

సజీవ కణంలోనూ ఇలాగే జరుగుతుందా అన్నదే వివాదం. 1988లో జర్మనీలోని హైడెల్‌బర్గులో కై సైమన్స్, వాన్ మీర్ ఈ భావానికి బీజం వేశారు. 1997లో సైమన్స్, ఎలీనా ఇకోనెన్ రాసిన వ్యాసంతో తెప్ప అనే పేరు లోకమంతా వ్యాపించింది. అప్పటికి చేతనున్న ముఖ్య సాక్ష్యం ఏమిటంటే, కణాన్ని నాలుగు డిగ్రీల చలిలో ట్రైటన్ అనే సబ్బువంటి ద్రవంతో కరిగిస్తే త్వచంలో కొంతభాగం కరగక మిగలడం. ఆ మిగిలినదే తెప్ప అన్నారు. విమర్శకులు ఊరుకోలేదు. దేహపు వేడి ముప్పైయేడు డిగ్రీలు. నేతిని చల్లబరచి, అది పూసకట్టాక, కాగుతున్నప్పుడే అందులో పూసలున్నాయని వాదించవచ్చునా? చూచినది ఉన్నదాన్నా, తాము చేసినదాన్నా? 2003లో షాన్ మన్రో ఇవి అందనివా, భ్రమలా అని సూటిగానే అడిగాడు. ఆ అడగడం న్యాయమని నా అభిప్రాయం.

ఈ చిక్కుకు బెంగుళూరు నుంచి వచ్చిన సమాధానం ముఖ్యమైనది. అక్కడి జాతీయ జీవవిజ్ఞాన కేంద్రంలో సత్యజిత్ మేయర్, రజత్ వర్మ 1998లో సబ్బు జోలికి పోకుండా, సజీవ కణాల మీది ప్రోటీన్లకు వెలుగునిచ్చే అణువులు తగిలించి, ఒకదాని శక్తి పక్కదానికి చేరుతున్నదా అని పరిశీలించారు. చేరుతున్నది, కనుక అవి గుంపులుగా ఉన్నాయి. 2004లో మేయర్ బృందమే ఆ గుంపులో నాలుగు అణువులకు మించి ఉండవనీ, ఎక్కువ భాగం ఒంటరిగానే తిరుగుతాయనీ తేల్చింది. కణం లోపలి ఆక్టిన్ తంతువులు శక్తిని వెచ్చించి వాటిని కూడగడతాయని తరువాత తెలిసింది. పుష్కరిణిలో తెప్పను ముందు కట్టి, ఆపైన ఉత్సవమూర్తులను వేంచేపు చేస్తారు. ఇక్కడ ఎక్కేవారే కలిసి తెప్ప అవుతారు, విడిపోతే తెప్ప లేదు. పేరులోని లోపం ఇదే.

2006లో అమెరికాలో కూడిన సదస్సు ఈ గుంపులను పది నుంచి రెండువందల నానోమీటర్లవిగా, నిలకడ లేనివిగా నిర్వచించింది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మామూలు సూక్ష్మదర్శినికి అంత చిన్నవి అందవు. 2009లో జర్మనీలోని గోటింగెన్ నగరంలో ష్టెఫాన్ హెల్ బృందం కొత్తరకం సూక్ష్మదర్శినితో చూస్తే, స్ఫింగోలిపిడ్లు ఇరవై నానోమీటర్లకన్న చిన్న తావులలో సుమారు పది, ఇరవై మిల్లీసెకన్లు ఆగి సాగిపోతున్నాయి. రెప్పపాటు అంతకన్న ఎంతో దీర్ఘం.

మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో అమితాభ చటోపాధ్యాయ కొలెస్టరాల్ వైపు నుంచి వచ్చారు. 2004లో ఆయన బృందం, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు రెంటాల మధుబాలతో కలిసి, కాలా అజార్ జ్వరానికి కారణమైన పరాన్నజీవిని పరిశీలించింది. అది మన రక్షక కణాలలోనే దూరి బతుకుతుంది. ఆ కణాల త్వచం నుంచి కొలెస్టరాల్‌ను తీసివేస్తే సోకడం బాగా తగ్గింది, తిరిగి చేరిస్తే మళ్ళీ సోకింది. దీనితో తెప్ప ఉన్నదని రుజువైనట్టేనా అంటే, కాదు. కొలెస్టరాల్ తీస్తే త్వచంలో ఇంకా ఎన్నో మారతాయి. రోగక్రిమి ప్రవేశించడానికి త్వచంలో కొలెస్టరాల్ అవసరమన్నంత వరకే ఆ ప్రయోగం చెబుతుంది.