వదినగారి ఓడ

మా వదిన విలాస నౌకలో మధ్యధరా సముద్రం తిరిగొచ్చింది. పొద్దున చరిత్ర ఉపన్యాసం, మధ్యాహ్నం ఆ ఊరు చూడడమట!

"ఏథెన్సు గురించి ఏమడిగినా చెప్తా" అంది.

"మన ఆదోని గురించో?" అన్నాను. తెల్లమొహం వేసింది. నిజానికి నాకూ అప్పటికి తెలియదు. నాలుగు పుస్తకాలు తిరగేసి, ఆదివారం ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కించాను. ఉపన్యాసం నాదే.

1686లో బిజాపూరు పడిపోయినా సిద్ది మసూద్ ఖాన్ ఆదోని కోట వదల్లేదు. మొగలాయి ఫిరంగులు తాను కట్టించిన జామియా మసీదు వైపు తిరిగాకే, అది కూలితే చూడలేక లొంగిపోయాడంటారు.

మసీదు ముందు వదిన చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్ళూ దీని పక్కనుంచే చీరలకి వెళ్ళేదాన్ని కదే!" అంది చివరికి.

తిరుగు బస్సులో తనే అంది: "1938లో మాచాని సోమప్పగారు మన ఊళ్ళో నేతగాళ్ళ సంఘం పెట్టారుగా. వచ్చే ఆదివారం ఉపన్యాసం నాది!"