చిన్న వర్తకునకు గణకుడు



అంగడి పెట్టదలచినవాడు స్థలమును విచారించును, సరకును విచారించును, ముహూర్తమును విచారించును. లెక్క వ్రాయువానిని మాత్రము విచారింపడు. బంధువుల పిల్లవాడొకడు పనిలేక యున్నాడని తెచ్చి కూర్చుండబెట్టును. ఈ యుపేక్ష మన పూర్వులకు లేదు.

కౌటిల్యుని యర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రముగ వినబడుచుండి, మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు తాళపత్రప్రతి లభించుటచేత, శ్యామశాస్త్రిగారి పరిష్కరణముతో 1909లో అచ్చుపడెను. అందు రెండవ యధికరణమున అక్షపటల మను లెక్కల కచేరి ప్రస్తావన మున్నది. ఆషాఢమాసమున గణకు లందరును ముద్రవేసిన పుస్తకములతోను నిల్వధనముతోను రావలెను. వచ్చినవారిని ఒకరితో నొకరిని మాటలాడనీయరాదు. ముప్పదియేండ్లు పరీక్షల గదిలో కావలి కాచిన నాకు ఈ నియమము చదువగనే నవ్వు వచ్చినది. ఆ పిదప ధన మపహరించు తెరగులు నలువది యని లెక్క చెప్పినాడు. ముందు వచ్చిన దానిని తరువాత వచ్చినట్లు చూపుట, హెచ్చుగ వచ్చినదానిని తక్కువచేసి వ్రాయుట, ఒకనివలన వచ్చినదానిని మరియొకని పేర వేయుట మున్నగున వన్నియు నందున్నవి. ఇరువది మూడు వందల యేండ్ల క్రిందటి రాజ్యమునకు జెప్పిన వని యెవరైన ననుకొన్నచో, నేటి కిరాణా కొట్టులో నొకదినము కూర్చుండి చూడవచ్చును.

నాకు ముఖ్యముగ దోచినది వేరొకటి. ధనము వసూలుచేయు సమాహర్త వేరు, దాచు సన్నిధాత వేరు, లెక్క చూచు అక్షపటలాధ్యక్షుడు వేరు. కలము పట్టినచేత తాళపుచెవి యుండరాదన్నమాట. పెద్ద రాజ్యమునకు ముగ్గు రధికారులు కావలసివచ్చినచో, చిన్న యంగడికి ఇద్దరు మనుష్యులైన కావలదా?

తెలుగుదేశమున నీ విద్య యెంత పాతదో పావులూరి మల్లనయే సాక్షి. మహావీరాచార్యుని సంస్కృత గణితమును సారసంగ్రహగణితముగ తెలుగు పద్యములలోనికి దెచ్చినవా డాయన. లెక్క నేర్చువాడు పద్యము నేర్చినట్లే వీసమును, కానిని గూడ కంఠస్థము చేయవలసి యుండెను. వీసము పదునారవ వంతు. కాని యరువదినాలుగవ వంతు. 1957లో దశాంశ నాణెములు వచ్చి రూపాయికి పదునా రణాల లెక్క పోవువరకు నీ నోటిలెక్కయే గుమాస్తాకు మొదటి పరీక్ష. గ్రామపు లెక్కలు కరణముల కవిలెలలో నుండెడివి. కరణీకము తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను గాని పరీక్షించి యిచ్చినది కాదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని తొలగించినది. సుమతిశతకకారుడు కరణములను గూర్చి పద్యములే చెప్పుటకు వంశపారంపర్య మొక కారణమై యుండునని నా యూహ. వర్తకుని గుమాస్తా యట్లుగాక, పెద్ద గుమాస్తా ప్రక్కన గూర్చుండి, నాటి బేరములు చిట్టాలో నెక్కించి, చిట్టానుండి పేరుపేరున ఆవర్జాకు దింపుట నేర్చుకొనెడివాడు.

చిట్టాకు న్యాయస్థానమునందును విలువ కలదు. 1872 నాటి సాక్ష్యచట్టము, వ్యాపారక్రమమున సక్రమముగ నుంచబడిన లెక్కలను సాక్ష్యముగ నంగీకరించెను. కాని కేవలము లెక్కల యాధారముననే ఒకనిపై బాధ్యత మోప వలనుపడదనెను. ఆ చట్టమునకు బదులుగ 2024 జూలై 1 నుండి క్రొత్తది వచ్చినను ఈ సూత్రము మారలేదు. సక్రమముగ ననుమాట కెంత బరువున్నదో నేను పనిచేసిన యొక యూర జూచితిని. భర్త పోగా బట్టలయంగడి నడుపుకొనుచున్న యొక యిల్లాలు ముత్యములవంటి చేవ్రాత జూచి గుమాస్తాను చేర్చుకొనెను. కలము, తాళము రెండును వాని చేతనే. వాడు వెడలిపోయిన పిమ్మట జూడగా మూడునెలల చిట్టా వ్రాయనే లేదు. అరువు కొనినవారు మేము కొనలేదనిరి. వ్యాజ్యము వేసిన పదునొకండు బాకీలలో నొక్కటియు నిలువలేదు.

పట్టముగల లెక్కనిపుణుడున్నాడు గదా యని యడుగుదురేమో. 1913 నాటి కంపెనీల చట్టము కంపెనీలకు ఆడిటరు నుండవలెననెను; 1949లో చార్టర్డు అకౌంటెంట్ల చట్టము వచ్చి వారి కొక సంస్థ యేర్పడెను. ఆదాయపుపన్నునకు, 2017నుండి వచ్చిన వస్తుసేవల పన్నునకు వారి సలహా యావశ్యకమే. అయిన నాయన నెలకొక తూరియో, యేడాది కొక తూరియో వచ్చి వ్రాసినదానిని చూచును. వ్రాయనిదాని నెట్లు చూడగలడు?

ఆ యిల్లాలి కుమారు డిప్పు డంగడి చూచుచున్నాడు. గుమాస్తాపనికి వచ్చినవానికి వారముదినముల చీటీలను కలగాపులగముగ నిచ్చి చిట్టా వ్రాయుమనును. తప్పు పడిన పద్దును గోకివేసి దిద్దినవానిని పంపివేయును. గీత కొట్టి, ప్రక్కన సరియైన యంకె వేసి, తేదీతో చేవ్రాలు చేసినవాని నుంచుకొనును. సాయంకాలము నిల్వ నతడు లెక్కించును, గుమాస్తా చదువును. పెట్టె తాళపుచెవి మాత్రము నేటికిని తల్లి కొంగుననే యున్నది.