కొలతకు కట్టిన ఓడ: నరసాపురం నౌకానిర్మాణం – ఆటోనగర్ బాడీ నిర్మాణం – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కొనుగోలుదారు కోరిన కొలతలకు ఓడను కట్టి ఇచ్చే వృత్తి 17వ శతాబ్దంలో గోదావరి ముఖద్వారాన ఉన్న నరసాపురం, మాధవాయపాలెం ప్రాంతాల్లో విదేశీయుల ప్రశంసలు పొందింది. అయితే ఆ వృత్తిని గురించిన సమాచారం ప్రధానంగా ఓడలు కట్టించుకున్నవారి రాతల్లోనే మిగిలింది. కట్టినవారి పేర్లు గానీ, వారి కొలతల పద్ధతి గానీ వాటిలో కనిపించవు. ఈ లోపాన్ని విజయవాడ ఆటోనగర్‌లోని లారీ బాడీ నిర్మాణ వృత్తితో పోల్చి పరిశీలించడం, ఆ వృత్తి పరిజ్ఞానాన్ని నమోదు చేయవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం

రెండు సన్నని పడవలను పక్కపక్కన నిలిపి, పైన ఒకే వేదికతో కలిపినట్టుండే ‘కాటమరాన్’ నేడు సంపన్నుల విహారనౌకగా ప్రసిద్ధి పొందింది. పాశ్చాత్య దేశాల్లోని కొన్ని నిర్మాణశాలలు ఈ నౌకలను యజమాని ఆర్డరు మేరకే తయారుచేస్తాయి. గదుల సంఖ్య, కలప రకం, తెరచాప ఎత్తు మొదలైన అంశాలన్నీ యజమానికీ నిర్మాతకూ మధ్య జరిగే చర్చలోనే నిర్ణయమవుతాయి. ఈ నౌక పేరు తమిళ తీరం నుంచి వెళ్లినది. ఆర్డరుపై ఓడ కట్టే వృత్తి మాత్రం తెలుగు తీరానికీ కొత్తది కాదు. అందువల్ల ఈ విషయాన్ని ముందు పదచరిత్ర దృష్టితోనూ, తరువాత వృత్తిచరిత్ర దృష్టితోనూ పరిశీలించవలసి ఉంది.

2. కట్టుమరం, తెప్ప, సంగడి

‘కాటమరాన్’కు మూలం తమిళంలోని ‘కట్టుమరం’. కట్టిన మాను అని దాని అర్థం. కోరమాండల్ తీరపు జాలరులు తేలిక కలప దుంగలను తాళ్లతో బిగించి అలలపై నడిపే సాధనం ఇది. తెలుగు తీరంలో దీనిని ‘తెప్ప’ అంటారు. 17వ శతాబ్ది చివరలో ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ తన యాత్రాగ్రంథంలో ఈ మాటను ఈ దుంగల తెప్పకే వాడాడు. రెండు పడవల జంటనౌక అనే అర్థం తరువాత వచ్చింది. అమెరికన్ నౌకాశిల్పి నథానియల్ హెరెషాఫ్ 1876లో ‘అమరిల్లిస్’ అనే జంటనౌకను నిర్మించి న్యూయార్క్ పందెంలో ముందు నిలిపిన తరువాత ఆ అర్థానికి ప్రాచుర్యం పెరిగింది. పసిఫిక్ దీవుల జంటదోనెలు ఈ రూపానికి అంతకంటె ప్రాచీనమైన ఉదాహరణలు.

రూపాన్ని బట్టి చూస్తే నేటి జంటనౌకకు తెప్ప కంటె ‘సంగడి’ దగ్గరిది. తెలుగులో ‘సంగడి’ అంటే జత, తోడు. ‘సంగడీడు’ అన్న మాటలోనూ ఈ అర్థమే ఉంది. పక్కపక్కన జతకట్టిన దోనెలకు కూడా ఈ పేరు ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన ‘పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ’ తూర్పుతీరపు నౌకలను వర్ణిస్తూ, పెద్ద మానులను జతచేసి కట్టిన ‘సంగర’ అనే నౌకలను పేర్కొన్నది. ఈ పదాన్ని మలయాళ ‘చంగాడం’, తుళు ‘జంగాల’ పదాలతో పోల్చినవారు ఉన్నారు. తెలుగు ‘సంగడి’ని కూడా ఈ వరుసలో చేర్చి చూడవచ్చు. అయితే ‘సంగర’ వ్యుత్పత్తి విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు కనుక దీనిని సిద్ధాంతంగా గాక సంభావ్యతగానే గ్రహించాలి.

కృష్ణా డెల్టాకు నౌకాయానంతో గల ప్రాచీన సంబంధానికి ఇంతకంటె దృఢమైన ఆధారాలు ఉన్నాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఘంటసాల బౌద్ధ శాసనంలో ‘మహానావిక’ సివకుని ప్రస్తావన ఉంది. శాసనం నావికుని పేరు నిలిపింది, నాణెం ఓడ రూపాన్ని నిలిపింది. ఆ ఓడను కట్టిన వడ్రంగి ఈ రెండింటిలోనూ లేడు.

3. నరసాపురం, మాధవాయపాలెం: కట్టించినవారి సాక్ష్యం

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. డచ్చివారు 1605లోనూ, ఆంగ్లేయులు 1611లోనూ అక్కడ వర్తకం ప్రారంభించారు. గోల్కొండ పాలకుల ఓడలు అక్కడి నుంచి ఎర్రసముద్రానికి వెళ్లేవి. అయితే మచిలీపట్నం రేవులో పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయవలసి వచ్చేది. ఓడను మరమ్మతు చేయాలన్నా, కొత్తది కట్టాలన్నా నదీముఖంలోని రక్షిత స్థలం అవసరమయ్యేది. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం, దానిని ఆనుకొని ఉన్న మాధవాయపాలెం ఆ అవసరాన్ని తీర్చాయి. ఆంగ్లేయుల ‘గ్లోబ్’ ఓడను 1614లో మరమ్మతుకు నరసాపురం నదిలోకే తెచ్చారు. మాధవాయపాలెం పేరు ఐరోపావారి నోట ‘మడపొల్లం’గా మారి, తరువాత ఒక రకం నూలుబట్టకు పేరుగా స్థిరపడింది.

ఈ నిర్మాణకేంద్రం గురించి విలువైన సాక్ష్యం ఆంగ్ల వర్తక నావికుడు థామస్ బౌరీది. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాత తీరదేశాలలో తాను చూసిన వాటిని అతడు రాసిపెట్టాడు. ఆ రాతప్రతిని రిచర్డ్ కార్నాక్ టెంపుల్ సంపాదకత్వంలో హక్లూయిట్ సొసైటీ 1905లో ప్రచురించింది. అనేకమంది ఆంగ్ల వర్తకులు ఏటా ఇక్కడ ఓడలు కట్టించుకుంటారని బౌరీ పేర్కొన్నాడు. మంచి కలప సమృద్ధిగా దొరుకుతుందనీ, తీరంలోకెల్లా మేలైన ఇనుము ఇక్కడ లభిస్తుందనీ, మేకులు, బోల్టులు, లంగర్లు స్థానికులే నేర్పుగా చేస్తారనీ వివరించాడు. ఓడను నీటిలోకి దించే విషయంలో ఇక్కడి మేస్త్రీల నేర్పు తాను ప్రపంచంలో మరెక్కడా చూసినదానికి తీసిపోదని మెచ్చుకున్నాడు. తెరచాప తాళ్ల తయారీని కూడా ప్రత్యేకంగా ప్రశంసించాడు.

ఈ వివరాలు ఒక సమగ్ర వ్యవస్థను సూచిస్తాయి. గోదావరి పైదేశపు టేకు నదీమార్గాన వచ్చేది. ఇనుము గోల్కొండ లోతట్టు ప్రాంతం నుంచి వచ్చేది. వడ్రంగి, కమ్మరి, తాళ్లు పేనేవాడు ఒకేచోట పనిచేసేవారు. కట్టించుకునేవాడు కావలసిన పరిమాణం చెప్పి సొమ్ము ఇచ్చేవాడు. ఇంత చెప్పిన బౌరీ, తాను మెచ్చుకున్న మేస్త్రీలలో ఒక్కరి పేరైనా చెప్పలేదు. ఓడ వంపును ఏ లెక్కతో నిర్ణయించారు, పలకల మందం ఎలా తేల్చారు అన్న ప్రశ్నలకు అతని రాతలో సమాధానం లేదు. అతడు కొనుగోలుదారుల వర్గానికి చెందినవాడు. కొనుగోలుదారుకు కావలసింది నాణ్యత, ధర, గడువు. కాబట్టి ఆ మూడింటి చుట్టూనే సాక్ష్యం పోగైంది.

4. ఆర్డర్లు తరలిపోవడం

ఈ వృత్తి క్షీణతకు పనివారి నేర్పు తగ్గడాన్ని కారణంగా చూపడానికి ఆధారాలు లేవు. గోల్కొండ రాజ్యం 1687లో మొగలుల వశమైన తరువాత మచిలీపట్నం వాణిజ్యం తగ్గింది. ఐరోపా కంపెనీల కార్యకలాపాలు మద్రాసు, కలకత్తాలకు మరలాయి. 19వ శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ నౌకాచట్టాలు లాస్కర్లను బ్రిటిష్ నావికులుగా పరిగణించకుండా భారతీయ ఓడలకు ప్రతిబంధకాలు కల్పించాయి. ఆపైన ఇనుప ఆవిరి ఓడలు వచ్చాయి. 1864 నవంబరు 1 నాటి తుఫాను మచిలీపట్నాన్ని ధ్వంసం చేసింది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టతో విస్తరించిన కాలువల మీద పడవ రవాణా సాగింది గానీ, అది సముద్రపు ఓడ కట్టించే ఆర్డరుకు ప్రత్యామ్నాయం కాలేదు. కొలతకు కట్టే వృత్తి కొనుగోలుదారు మీదనే ఆధారపడుతుంది. అతడు మరలిపోతే, సరుకును నిలవ చేసి అమ్ముకునే అవకాశం దానికి ఉండదు.

5. ఆటోనగర్: నేలమీది నిర్మాణశాల

డెల్టాలో సరుకు రవాణా కాలువ నుంచి రోడ్డుకు మారిన తరువాత, ఆర్డరుపై కట్టే నిర్మాణవృత్తి మరో రూపంలో కనిపించింది. 1960లలో రూపుదిద్దుకున్న విజయవాడ జవహర్ ఆటోనగర్ మరమ్మతులకూ బాడీ నిర్మాణానికీ దేశవ్యాప్తంగా పేరు పొందింది. నరసాపురం వడ్రంగుల వారసులే ఇక్కడ పనిచేస్తున్నారని చెప్పడానికి ఆధారం లేదు. పోలిక వంశానికి సంబంధించినది కాదు, పని విధానానికి సంబంధించినది.

కర్మాగారం నుంచి వచ్చే లారీ ఛాసిస్‌లో చట్రం, ఇంజను, చక్రాలు మాత్రమే ఉంటాయి. దానిని యజమాని ఆటోనగర్‌కు తెస్తాడు. ధాన్యం వేస్తాడా, కొల్లేరు చేపలు వేస్తాడా, గ్రానైటు వేస్తాడా అన్నదానిని బట్టి పక్కల ఎత్తు, అడుగు మందం, తలుపుల అమరిక మారుతాయి. మేస్త్రీ ఈ కొలతలను యజమానితో మాట్లాడి తేలుస్తాడు. తరువాత వడ్రంగి, వెల్డరు, టింకరింగ్ పనివాడు, ఎలక్ట్రీషియన్, పెయింటరు వరుసగా పని చేస్తారు. బౌరీ చూసిన నరసాపురంలో వలెనే ఇక్కడా వేర్వేరు వృత్తులు ఒకే ఆవరణలో చేరాయి, ఆర్డరే వాటిని కలిపి ఉంచింది.

ఆర్డర్లు తరలిపోయే సూచనలు కూడా ఇక్కడ కనిపిస్తున్నాయి. బస్సు బాడీలకు ఏఐఎస్-052, లారీలకు ఏఐఎస్-093 ప్రమాణాలు వచ్చాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవరు భద్రత దృష్ట్యా ఇవి సమర్థనీయమైన నిబంధనలే. అయితే క్యాబిన్ నుంచి బాడీ వరకు సిద్ధంగా కర్మాగారం నుంచే రావడం పెరిగితే, మేస్త్రీ నిర్ణయానికి మిగిలే భాగం తగ్గుతుంది. కాగితం మీద గీసిన నమూనాను ఆమోదించే వ్యవస్థలో చేతిలో ఉన్న కొలతకు గుర్తింపు లభించదు.

6. ముగింపు

నరసాపురం ఓడల చరిత్ర కొనుగోలుదారు చేతిరాతలో మిగిలింది. దాని మూలాన ఓడలు ఎంత మంచివో తెలుస్తున్నది గానీ, వాటిని ఎలా కట్టారో తెలియడం లేదు. ఆ లోపాన్ని ఇప్పుడు పూడ్చడం సాధ్యం కాదు. ఆటోనగర్ విషయంలో అది ఇంకా సాధ్యమే. మేస్త్రీలు చాకుపీసుతో ఛాసిస్‌పై గీసే గుర్తులు, వారు వాడే కొలతల మాటలు, పని నేర్పే క్రమం, యజమానితో బేరం కుదిరే తీరు ఇంకా చూసి, విని, రాసుకోదగిన స్థితిలోనే ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర, భాషా శాఖలు ఈ వృత్తిపదకోశాన్నీ, మౌఖిక చరిత్రనూ సేకరించడానికి పూనుకోవలసి ఉంది. లేనిపక్షంలో ఆటోనగర్ గురించి భవిష్యత్తు పరిశోధకునికి మిగిలేది రిజిస్ట్రేషన్ కాగితాల్లోని యజమానుల పేర్లు మాత్రమే.