ఉప్పు మీద ఒంటరి పరుగు

ఏటా ఆగస్టు వచ్చేసరికి సాల్ట్ లేక్ సిటీ నుంచి పడమరకు పోయే ఐ-80 రహదారి మీద వింత వింత కార్లు కనిపిస్తాయి. పొడుగాటి ముక్కు, నేలకు జానెడు ఎత్తు, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు. ఎక్కువ భాగం ట్రెయిలర్ల మీద పట్టీలతో బిగించి ఉంటాయి. అవన్నీ బోన్నెవిల్ ఉప్పు బయలులో జరిగే స్పీడ్ వీక్‌కు పోతున్నాయని మా పక్కింటి వెల్డర్ చెప్పాడు. ఏడాదంతా సాయంత్రాలు గరాజ్‌లో గడిపి, జీతంలో మిగిలింది ఇంజిన్‌కు పెట్టి, వందల మైళ్లు మోసుకొచ్చిన కారును ఆ కార్లవాళ్లు అక్కడ ఒక విడతకు రెండు మూడు నిమిషాలు నడుపుతారు. పరుగయ్యాక వేగం అచ్చు వేసిన చిన్న కాగితం చేతికిస్తారు. నగదు బహుమతి లేదు. ప్రతిదానికీ డాలర్లలో వెలకట్టే ఈ అమెరికాలో ఇదెలా పుట్టింది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే, ఈ దేశం కథలో పెద్ద భాగమే ఆ ఉప్పు మీద దొరికింది నాకు.

ఆ బయలు ఒకప్పటి మహా సరస్సు అడుగు. మంచుయుగం చివర సరస్సు తగ్గిపోయి ఉప్పు మిగిలింది. చలికాలంలో దాని మీద పల్చగా నీరు నిలుస్తుంది, ఎండలకు ఆరిపోతుంది. ఏటేటా ఆ నీరే నేలను చదును చేసి పెడుతుంది. కానీ పైన గట్టిగా కనిపించే ఉప్పు పొర కింద బురద ఉంటుంది. 1846లో కాలిఫోర్నియాకు వలసపోతున్న డానర్ బృందం, దగ్గరి దారి అని ఎవరో రాసింది నమ్మి ఈ ఉప్పు ఎడారిలోకి దిగింది. రెండు రోజుల్లో దాటొచ్చనుకున్నది ఐదు రోజులు పట్టింది. బండ్లు దిగబడ్డాయి. దాహంతో ఎడ్లు పిచ్చెత్తి పారిపోయాయి. పోయినవి పోగా మిగిలిన ఎడ్లతో, ఆలస్యంగా సియెరా కొండలకు చేరేసరికి మంచు కమ్మేసింది. బృందంలో దాదాపు సగం మంది చనిపోయారు. వలస అంటే విమానం టికెట్టు, వీసా ముద్ర అనుకునే మనకు ఈ కథ ఒకసారి తెలియాలి.

అదే నేల మీద 1925లో ఆబ్ జెంకిన్స్ అనే ఇళ్లు కట్టే మేస్త్రీ, స్టూడీబేకర్ కారులో సాల్ట్ లేక్ సిటీ నుంచి వెండోవర్ దాకా రైలుతో పందెం వేసి, ఐదు నిమిషాలు ముందు చేరాడు. తర్వాత ఆయన సాల్ట్ లేక్ సిటీకి మేయర్ కూడా అయ్యాడు. ఆయన పట్టుదలతోనే ఆ ఉప్పు పేరు సముద్రాలు దాటింది. 1935లో ఇంగ్లండు నుంచి మాల్కమ్ క్యాంప్‌బెల్ వచ్చి గంటకు 301 మైళ్ల వేగం అందుకున్నాడు. అయితే అవి డబ్బున్నవాళ్ల యంత్రాలు. నా మనసును పట్టుకున్నది మాత్రం కాలిఫోర్నియా కుర్రాళ్ల కథ.

1932లో ఫోర్డ్ కంపెనీ వి-8 ఇంజిన్‌ను సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. కొన్నేళ్లకే అవి పాత సామాన్ల యార్డుల్లో చవగ్గా దొరికాయి. మెకానిక్ కుర్రాళ్లు వాటికి పదును పెట్టి, మొహావీ ఎడారిలో ఎండిన మ్యూరాక్ చెరువు మీదికి తీసుకెళ్లేవారు. తొలిరోజుల్లో కార్లు పక్కపక్కనే పరుగెత్తేవి. ముందు వెళ్లేవాడి దుమ్ములో వెనకవాడికి కళ్లు కనపడక ప్రాణాలు పోయేవి. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు, ఒంటరిగా, గడియారంతోనే పోటీ అన్న పద్ధతి క్రమంగా స్థిరపడింది. ప్రభుత్వం చెప్పకుండా కుర్రాళ్లే తమకు తాము కట్టుబాటు పెట్టుకోవడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. పసిఫిక్ దీవుల్లో పనిచేసిన బిల్ బర్క్, యుద్ధ విమానాల రెక్కల కింద తగిలించే పెట్రోలు ట్యాంకుల కన్నీటిచుక్క ఆకారం చూసి, ఇంటికొచ్చాక అలాంటి ట్యాంకునే కొని చక్రాలు బిగించాడు. లేక్‌స్టర్ అనే కార్లకు అదే మూలం. గాలిని చీల్చడానికి అంతకంటే మంచి ఆకారం అంత తక్కువ డబ్బుకు దొరికేది కాదు. ఇక్కడ నా మనసు కాస్త బరువెక్కుతుంది. స్పీడ్ వీక్‌కు వచ్చినవాళ్లు బస చేసే వెండోవర్‌లోనే, హిరోషిమా మీద బాంబు వేసిన దళం శిక్షణ పొందింది. ఆ బాంబు వేసిన ఎనోలా గే విమానం నిలిచిన హ్యాంగరు ఇప్పటికీ ఉంది. ఆ యుద్ధం వదిలేసిన ఇనుముతోనే కుర్రాళ్లు ఆటబొమ్మలు చేసుకున్నారు. రెండూ ఒకే దేశం చేతులే.

యుద్ధకాలంలో ఇంకో పని జరిగింది. ఆ టైమింగ్ అసోసియేషన్ పోటీల్లో కారు నడిపిన తొలి మహిళ వీడా ఆర్, సైన్యంలోకి వెళ్లిన రేసర్లకు ఊరి కబుర్లతో వార్తాపత్రిక పంపేది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి కారు ఏమైంది, అన్నీ. ఈ సంగతి ఒక పుస్తకంలో చదివినప్పుడు అమ్మ రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు గుర్తొచ్చి చాలాసేపు దాన్ని పక్కన పెట్టేశాను. మా ఊరి తిరునాళ్లలో ఈసారి ఎవరి గిత్తలు ఎన్ని అడుగులు బండ లాగాయో అమ్మ తప్పకుండా రాసేది.

నిజానికి ఉప్పు మీది ఈ పోటీని మన పల్నాడువాళ్లకూ ఒంగోలువాళ్లకూ చెప్పడం చాలా తేలిక. బండలాగుడు పందెంలో ఒక జత ఇంకో జతతో పక్కపక్కన పోటీ పడదు. ఒక్కటే బరిలోకి దిగుతుంది, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. ఇక్కడా అంతే. మనం పళ్లు చూసి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విడదీస్తాం. వీళ్లు ఇంజిన్ పరిమాణం, బాడీ ఆకారం, ఇంధనం చూసి వందల తరగతులు చేశారు. 50 సీసీ మోటార్ సైకిలుకూ ఒక తరగతి ఉంది. మా పెదనాన్న పందెం నెల ముందు నుంచే గిత్తలకు ఉలవలు ఉడికించి తన చేత్తోనే పెట్టేవాడు. ఎవరైనా వేలు పెడితే ఊరుకునేవాడు కాదు. కార్బురేటర్ దగ్గర మా పక్కింటి వెల్డర్ మొహంలోనూ అదే కంగారు చూశాను. పోలిక ఇక్కడే ఆగిపోతుంది. గెలిచిన గిత్తల ధర లక్షల్లో పెరుగుతుంది. ఇక్కడ గెలిచినవాడికి ఎర్ర టోపీ దక్కుతుంది. అదీ గంటకు 200 మైళ్లు, అంటే దాదాపు 320 కిలోమీటర్లు దాటి రికార్డు కొడితేనే.

1949లో ఆ టైమింగ్ అసోసియేషన్ వాళ్లే బోన్నెవిల్ ఉప్పు మీద తొలి స్పీడ్ వీక్ జరిపారు. అప్పటి నుంచి ఒంటరి పరుగు పద్ధతి మారలేదు. కొత్తగా దిగాలనుకునేవాడు ముందు కారు కొనకూడదు, నిబంధనల పుస్తకం కొనాలి. రోల్ కేజ్ గొట్టాల మందం, సీటు బెల్టులు, మంటలార్పే సిలిండర్లు, మంటకు తట్టుకునే దుస్తులు, వేగం పెరిగితే వెనక పారాచూట్, అన్నీ అందులో ఉంటాయి. కారు కట్టాక పుస్తకం తెరిస్తే సగం కోసి పారేయాల్సి వస్తుంది. తనిఖీలో బెల్టులన్నీ బిగించుకుని కూర్చుని, ఎవరి సాయం లేకుండా త్వరగా బయటపడి చూపించాలి. తొలి పరుగులోనే పూర్తి వేగానికి వదలరు. ఒక మెట్టు సరిగ్గా ఎక్కితేనే పై మెట్టు లైసెన్సు. రికార్డు ఒక్క పరుగుతో రాదు. పాత రికార్డును మించితే కారును కాపలా ఉన్న ఆవరణలో పెట్టించి, మర్నాడు పొద్దున మళ్లీ పరుగెత్తిస్తారు. రెండింటి సగటే లెక్క. గాలివాటు అదృష్టానికి అక్కడ చోటు లేదు. కాలిఫోర్నియాలో ఉంటే ఎల్ మిరాజ్ అనే ఎండిన చెరువుంది. 1.3 మైళ్ల దారి, మే నుంచి నవంబరు దాకా పోటీలు. అక్కడ నడపాలంటే క్లబ్బులో చేరాలి. క్లబ్బువాళ్లు వంతులవారీగా కాపలా పని కూడా చేయాలి.

వయసు అడ్డం కాదు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన బర్ట్ మన్రో 1967లో, 68 ఏళ్ల వయసులో, 1920 నాటి ‘ఇండియన్’ కంపెనీ మోటార్ సైకిలు మీద గంటకు 184 మైళ్లు దాటాడు. చాలా విడిభాగాలు తన షెడ్డులో తానే పోతపోసుకున్నాడు. బయటిదేశం వాడి రికార్డును కూడా వీళ్లు ఇవాళ్టికీ తమవాడిదిగా చెప్పుకోవడం, వలసవచ్చిన నాకు ధైర్యమిస్తుంది.

కానీ ఇప్పుడు ఆ ఉప్పే తగ్గిపోతోంది. పక్కనే దశాబ్దాలుగా ఉప్పునీటి నుంచి పొటాష్ తీస్తున్నారు. మన రైతు పొలానికి వేసే ఎరువే అది. అక్కడి నుంచి కాకపోయినా, దాదాపు మొత్తం మనం దిగుమతి చేసుకునేదే. కాబట్టి తవ్వేవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. అయినా పొర పల్చబడింది, పరుగు దారి పొడవు కుదించుకుపోయింది. బయలును కాపాడాలని రేసర్లు ఏళ్లుగా పోరాడుతూ, తోడిన ఉప్పునీటిని తిరిగి పంపింగ్ చేయిస్తున్నారు. వానలకు, తడికి 2014, 2015, 2022ల్లో స్పీడ్ వీక్ రద్దయింది.

మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుకుంటూ ఉండి, వాళ్లకు యంత్రాల మీద మోజుంటే, ఒక ఆగస్టులో వెళ్లి ఏదో ఒక బృందంతో మాట కలపమనండి. ఊరికే చూసి రావద్దు, తాడు పట్టుకునే పనైనా అడిగి చేయమనండి. రేసర్లలో చాలామంది అలా చేరినవాళ్లే. ఎండ ఉప్పు మీద పడి కింది నుంచి కూడా కాలుస్తుంది, గడ్డం కిందా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. నీళ్లు ఎక్కువగా తీసుకెళ్లాలి. తిరిగి రాగానే కారు అడుగుభాగం గట్టిగా కడిగించాలి, లేకపోతే ఏడాది తిరిగేలోపు తుప్పు పట్టేస్తుంది.